పాలు, గోధుమ, వేరుశనగ లేని టిఫిన్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

పాలు, నెయ్యి మానేసిన ఇంట్లో గోధుమ, వేరుశనగ కూడా పడనివాళ్లుంటే పొద్దున్నే టెన్షన్. నిజానికి మన ఇడ్లీ, దోశ, పెసరట్టు పిండిలో ఈ మూడూ ఉండవు. తంటా అంతా పక్కన చేరేవాటితోనే. పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా మాత్రం కారణాలు వెతుకుతూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

సమస్య: గోధుమ ముట్టకపోయినా దద్దుర్లు, కడుపుబ్బరం.

కారణం: ముందు ఇంగువ డబ్బా తిప్పి చూడండి. మనం కొనే ఇంగువ చాలావరకు మైదానో గోధుమపిండో కలిపినదే. అది సాంబారులోకీ, పొడుల్లోకీ చడీచప్పుడు లేకుండా వస్తుంది. రెండోది పిండి మర. అంతకుముందు గోధుమలు ఆడిన మరలోనే మన జొన్నలు పోస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది.

పరిష్కారం: తాలింపులో ఇంగువ బదులు వెల్లుల్లి వేయండి, లేదా బియ్యప్పిండి కలిపిన ఇంగువ లేబుల్ చూసి కొనండి. మర సంగతికొస్తే, తొలి దోసిళ్ల పిండి పక్కన పెట్టినా గోధుమ అస్సలు పడనివాళ్లకు చాలదు. గింజలు కొని, ఏరి, కడిగి, నానబెట్టి ఇంట్లోనే రుబ్బుకోవడం మేలు. కనిగిరి, పొదిలి వైపు వాళ్లకు కొర్రలు, సజ్జలు ఎలాగూ కొత్త కాదు.

సమస్య: వేరుశనగ మానేశాక చట్నీ కుదరడం లేదు, లేదా మానేసినా దురద పోవడం లేదు.

కారణం, పరిష్కారం: రుచికి కొబ్బరి, అల్లం, టమాటా పచ్చడి చాలు. పుట్నాలతో చేస్తే ఇంకా బాగుంటుంది గానీ శనగలు, మెంతులు కూడా వేరుశనగ కుటుంబానివే. కొందరికి అవీ పడవు, కాబట్టి డాక్టరును అడిగాకే వాడండి. ఇక నూనె. గానుగ వేరుశనగ నూనెలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ మిగిలి ఉంటుంది. నువ్వులనూనె కొన్నా, అదే గానుగలో వేరుశనగ ఆడారేమో కనుక్కోండి.

సమస్య: కొర్ర దోశ పెనానికి కరుచుకుని ముక్కలవుతోంది.

కారణం: కొర్రల్లో గోధుమలోలాంటి సాగే గుణం లేదు. మినుము తగ్గినా, పెనం సరిగా కాగకపోయినా ఇదే గతి.

పరిష్కారం: మూడు గ్లాసుల కొర్రలకు ఒక గ్లాసు మినప్పప్పు, గుప్పెడు అటుకులు. కనీసం ఆరు గంటలు నానాలి. మొదటి రెండు దోశలు మందంగా పోయండి, అంచులు వాటంతటవే లేచేదాకా అట్లకాడ పెట్టొద్దు.

సమస్య: డిసెంబరు, జనవరిలో పిండి పొంగదు.

రుబ్బేటప్పుడు గోరువెచ్చని నీళ్లు వాడి, గిన్నెను వెచ్చని చోట మూతపెట్టి ఉంచండి. మే నెలలో దీనికి ఉల్టా: చన్నీళ్లతో రుబ్బి, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.

సమస్య: రాగిజావలో కొబ్బరిపాలు విరిగాయి.

పొయ్యి మీద మరగనిచ్చారన్నమాట. జావ దించాక కలపండి. పాలు మానేశాక కాల్షియానికి రాగులే దిక్కు, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. విటమిన్ బి12 మాత్రం ఈ టిఫిన్లలో దొరకదు, మాత్ర గురించి డాక్టరును అడగండి.

సమస్య: బయట తినాల్సి వచ్చింది.

నెల్లూరులో నెయ్యి కారం దోశ వేసిన పెనం మీదే మీ దోశా వేస్తారు, కాబట్టి దోశ వద్దు. ఇడ్లీ అడగండి, రేకులకు నెయ్యి రాశారేమో కనుక్కోండి, పొడి ఇంటి నుంచే పట్టుకెళ్లండి.