సీటు బెల్టు బజర్ ఆగట్లేదా? బకిల్ కొనే ముందు కార్పెట్ ఎత్తండి

బెల్టు పెట్టుకున్నా బజర్ మోగుతోందంటే ముందు పక్క సీటు చూడండి. అక్కడ కొబ్బరికాయల సంచో, రొయ్యల మేత బస్తానో ఉంటే సెన్సర్ దాన్ని మనిషే అనుకుంటుంది. దించి వెనక పెట్టండి. రావులపాలెంలో హైవే ఎక్కాక, 80 దాటినప్పుడే మోగుతుంటే అది స్పీడు హెచ్చరిక. 2019 జూలై తర్వాత తయారైన కార్లకు అది తప్పనిసరి. ఈ రెండూ చూడకుండానే బకిల్ (బెల్టు నాలుక దూర్చే గూడు) కొనుక్కొచ్చేస్తారు!

అలా కాక, సీటు బెల్టు లైటు వెలుగుతున్నా శబ్దమే రాకపోతే, ఇండికేటర్ టిక్‌టిక్, డోర్ బీప్ వినిపిస్తున్నాయా? అవీ లేకపోతే మీటర్ బోర్డు చూపించాలి.

అసలు దొంగ వేరే ఉంటాడు. వాన రోజునో, ఏసీ వేసి దూరం వెళ్ళినప్పుడో మోగుతుంది, ఎండలో మానేస్తుంది. సీటు ముందుకు జరిపితే మొదలై, వెనక్కి జరిపితే ఆగుతుంది. గ్యారేజీకి తెచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది. కొత్త బకిల్ వేసినా నెల తిరక్కుండా మళ్ళీ అదే గోల.

సీటు కింద కార్పెట్ నొక్కి చూడండి. చెమ్మ తగిలితే కారణం దొరికినట్టే. ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మట్టితో పూడుకుపోతే, ఆ నీళ్ళు ఎడమవైపు కాళ్ళ దగ్గరకు దిగి, కార్పెట్ కింది స్పాంజిలో నిలిచిపోతాయి. ఆ చెమ్మకు సీటు కింది కనెక్టర్ (వైర్లు కలిసే ప్లగ్గు) పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇంకా త్వరగా పడతాయి. అప్పుడు బెల్టు పెట్టినా ఆ సిగ్నల్ కంప్యూటర్‌కు సరిగా చేరదు.

బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి కనెక్టర్ విప్పండి. పసుపు రంగువి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో మల్టీమీటర్ (వైర్లను పరీక్షించే మీటర్) పెట్టొద్దు. బకిల్ వైర్ల మీద మాత్రం పెట్టి, నాలుక దూర్చి తీయండి. రీడింగ్ మారితే బకిల్ మంచిదే. పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడవండి. గరుకు కాగితం వేస్తే పైపూత పోతుంది. దగ్గర్లోని ఎర్త్ బోల్టుకు (వైరును బండి బాడీకి బిగించే బోల్టు) తుప్పుంటే గీకి బిగించండి. స్పాంజిని బాగా ఆరబెట్టండి. ఆ గొట్టం బాగుచేయకపోతే ఇదంతా దండగే. మన ఉక్కపోతలో ఏసీ కాసేపు నడిచినా బండి కింద నీటిబొట్టు పడలేదంటే అది మూసుకుపోయినట్టే. కింది నుంచి గాలి కొట్టిస్తే చాలు.

బకిల్లో ఉత్త క్లిప్పు దూర్చి నోరు నొక్కేయడం రిపేరు కాదు.

ఎలుక కొరికిన వైరు, కంప్యూటర్ పోవడం అరుదు, చివర్లో చూసుకోవచ్చు. వరదలో మునిగిన బండి సంగతి వేరు. ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతుంటే మీరు చెయ్యి పెట్టకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళండి.