వానాకాలంలో టేకు నగల పెట్టె: రంపం పట్టకముందే చూసుకోవాల్సినవి

శ్రావణంలో పెళ్లికూతురికో, వరలక్ష్మీ వ్రతానికి ఆడపడుచుకో ఇద్దామని నగల పెట్టె మొదలుపెట్టేవాళ్లు చాలామంది చెక్క కొనేది ఆషాఢంలోనే. చెక్క పనికి ఏడాది మొత్తంలో గడ్డుకాలం అదే. వానల్లో బిగుతుగా కుదిరిన మూత ఎండలు ముదిరేసరికి సందులు చూపిస్తుంది. ఏప్రిల్లో ఎండిన చెక్కతో చేసిన పెట్టె వానలు పట్టగానే ఉబ్బి మూలలు విడగొట్టుకుంటుంది. ఎంత చెయ్యి తిరిగినవాళ్ల పెట్టె అయినా, చెక్క కదలడానికి చోటు వదలకపోతే ఇంతే.

ఇక్కడి కొలతలన్నీ 250 × 180 × 100 మిల్లీమీటర్ల పెట్టెకు. గోడలు 12 మి.మీ. టేకు, అడుగు 6 మి.మీ. ప్లైవుడ్, మూత 15 మి.మీ. చట్రంలో 6 మి.మీ. పలక.

ముందు చెక్క ఎంత కదులుతుందో తెలియాలి. గాలిలో తేమ 40 శాతం ఉంటే చెక్కలో తేమ 7-8 శాతం దగ్గర నిలుస్తుంది. ముసురు పట్టి గాలి తేమ 80 శాతానికి చేరితే చెక్కలో అది 15-16 శాతానికి పాకుతుంది. నిలువునా, అంటే నార వెంబడి, చెక్క పెద్దగా కదలదు. కదిలేదంతా నారకు అడ్డంగానే. అడ్డకోతలో ఉంగరాలు (చెట్టు ఏటా పెరిగిన గీతలు) పలక వెడల్పుకు సమాంతరంగా కనిపించే టేకు పలక, తేమ ఒక శాతం మారితే వెడల్పులో సుమారు 0.19 శాతం మారుతుంది. 180 మి.మీ. పలకకు, 8 శాతం తేడాకు, అది రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. ఉంగరాలు నిలువుగా నిలబడ్డ పలకలో కదలిక దాదాపు సగమే. డిపోలో మూతకు పలక ఏరుకునేటప్పుడు పలక కొసన కోత చూసి, ఉంగరాలు నిలువుగా ఉన్నదే అడగండి.

తెల్లచెక్క (బెరడు కింది లేత చెక్క) అంటుకుని ఉన్న ముక్కలు చవకగా వస్తాయి. పెట్టెకు మాత్రం వద్దు. చేవలో, అంటే చెట్టు నడిమి ముదురు చెక్కలో, ఉండే రక్షణ తెల్లచెక్కలో ఉండదు. పుచ్చు పురుగు చేరేది అక్కడే. పాలిష్ వేశాక కొన్ని నెలలకు గుండుసూది బెజ్జాలు, వాటి కింద మైదాలాంటి పొడి కనిపిస్తే తెల్లచెక్క వదిలేశారన్నమాట.

ఇంటికి తెచ్చిన చెక్కను ఆ రోజే కొయ్యకండి. నేలకు ఎత్తులో, పలకకూ పలకకూ మధ్య 12 మి.మీ. పుల్లలు పెట్టి పేర్చి, ఫ్యాన్ గాలి తగిలే గదిలో కనీసం రెండు వారాలు ఉంచండి. తొందరపడి ఎండలో పెడితే ఒకవైపే ఎండి వంకర పోతుంది. తేమ మీటర్ ఉంటే అంకె మారకుండా నిలిచేదాకా ఆగాలి. లేకపోతే ఒక పలకనే డిజిటల్ త్రాసు మీద రోజూ తూచండి. వరసగా నాలుగు రోజులు బరువు మారకపోతే చెక్క ఆ గది గాలికి సర్దుకున్నట్టే. మందపాటి పలకను నిలువునా చీల్చి 12 మి.మీ. ముక్కలు చేస్తే ఇంకో మూడు రోజులు ఆగాలి. లోపలి చెక్కకు గాలి తగలగానే అది వంగుతుంది. చీల్చేటప్పుడు అదనంగా 2 మి.మీ. మందం ఉంచుకుని, వంగాల్సిందంతా వంగాక చిత్రిక పట్టండి.

గోడల సంగతి తేలిక. నాలుగింటి నారా అడ్డంగా, పెట్టె చుట్టూ తిరిగేలా పెడితే నాలుగూ ఎత్తులో కలిసే ఉబ్బుతాయి, కలిసే తగ్గుతాయి. అందం కోసం ఒక్క గోడ నార నిలువుగా తిప్పారో, అది మిగతా మూడింటితో పోట్లాడి పగులుతుంది. ప్లైవుడ్ అడుగు కదలదు కాబట్టి 4 మి.మీ. లోతు గాడిలో జిగురుతో అంటించినా భయం లేదు.

అసలు పరీక్ష మూత దగ్గర. చట్రం ముక్కలు 35 మి.మీ. వెడల్పు, లోపల 8 మి.మీ. లోతు గాడి పెడితే, 180 మి.మీ. వెడల్పులో గాడి అడుగు నుంచి గాడి అడుగుకు 126 మి.మీ. వస్తుంది. వానల్లో చేస్తుంటే చెక్క అప్పటికే ఉబ్బి ఉంటుంది. పలక 125 మి.మీ. కొయ్యండి, రెండువైపులా అర మిల్లీమీటరు చాలు. ఎండిన చెక్కతో వేసవిలో చేస్తుంటే 123 మి.మీ.కే కొయ్యాలి. అప్పుడు వానల్లో పెరిగే దాదాపు 2 మి.మీ.కు చోటు ఉంటుంది. పలక నార పొడవు వెంబడే ఉండాలి. జిగురు గాడి నిండా పూస్తే ఈ లెక్కంతా వృథా. రెండు పొట్టి అంచుల నడిమధ్య ఒక్కో చుక్క పెట్టండి, పలక మధ్యలో నిలిచి రెండువైపులకూ సమానంగా కదులుతుంది. చాలామంది మరిచేది ఇంకోటి: చట్రంలో బిగించకముందే పలక అంచులకు కూడా పాలిష్ వెయ్యాలి. లేకపోతే వేసవిలో పలక తగ్గినప్పుడు చట్రం పక్కన పాలిష్ లేని సన్నని గీత బయటపడుతుంది.

చట్రం మూలలు 45 డిగ్రీల్లో కోస్తే వెడల్పు 35 దాటనివ్వకండి. చెక్క ఎండితే అతుకు లోపలి కొన దగ్గర, ఉబ్బితే బయటి కొన దగ్గర తెరుచుకుంటుంది. వెడల్పు పెరిగేకొద్దీ ఈ సందూ పెరుగుతుంది. మూలకు అడ్డంగా 3 మి.మీ. చెక్క బిళ్ల దూర్చి అంటిస్తే అతుకు చాలా గట్టిపడుతుంది.

టేకులో నూనె ఉంటుంది. అతుకు ముఖాలను అసిటోన్ తడిపిన తెల్లగుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు పూయండి. మూల కోతలు జిగురును పీల్చేస్తాయి. పలుచగా ఒకసారి పూసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ పూయాలి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ముసురులో నెమ్మదిగా ఆరుతుంది, క్లాంపులు రాత్రంతా ఉంచండి. విప్పగానే చిత్రిక పట్టకండి. జిగురులో నీటికి అతుకు పక్క చెక్క ఉబ్బి ఉంటుంది. అప్పుడే చదును చేస్తే, తర్వాత నీరు ఆరి అక్కడ పల్లం గీత పడుతుంది. ఒకటి రెండు రోజులు ఆగితే ఆ బాధ లేదు.

లక్క పాలిష్ వానరోజున వేస్తే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. స్పిరిట్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరుతుంది. వాన తెరిపిచ్చిన రోజున, మధ్యాహ్నం పూట పలుచగా వెయ్యండి. తెల్లబడితే గీకనక్కర్లేదు. పొడి రోజు చూసి స్పిరిట్ కాస్త అద్దిన గుడ్డతో తేలిగ్గా తుడిస్తే చాలాసార్లు పోతుంది. మూతకు పైన ఎన్ని పూతలో కిందా అన్నే వెయ్యాలి. ఒకవైపే వేస్తే రెండోవైపు తేమ పీల్చి మూత గిన్నెలా వంగుతుంది. లోపల అవిసె నూనె వాడకండి, మూసిన పెట్టెలో ఆ వాసన నెలల తరబడి పోదు. బయటికి వాడితే, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయొద్దు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి పూర్తిగా ఆరనివ్వండి.

మెషీన్ల దగ్గర రెండు మాటలు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తడి నేల మీద పెట్టకండి, లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) ఉండాలి. గాడులన్నీ పొడవు ముక్క మీదే తీసి, ఆ తర్వాత కొలతకు కొయ్యండి. గాడులు తీసే రౌటర్ ముందు 100 మి.మీ. ముక్క పట్టుకుంటే చెయ్యి తిరిగే బిట్ దగ్గరికి వెళ్లడం ఖాయం. టేకు పొడి కొందరికి దురద, దగ్గు తెస్తుంది, ఎన్95 మాస్క్ పెట్టుకోండి.

ఆఖరున బందులు, అంటే మూత తెరిచి మూసే కీళ్లు. వాటిని బిగించే ఇత్తడి మర (స్క్రూ) టేకులో తల తెగి లోపలే ఉండిపోతుంది. 3 మి.మీ. మరకు 2 మి.మీ. బెజ్జం వేసి, ముందు అదే కొలత ఉక్కు మరను తిప్పి దారి చేసి తీసేయండి. తర్వాత ఇత్తడి మరకు కొవ్వొత్తి మైనం రాసి చేత్తోనే బిగించండి. లోపల మఖమల్ అంటించేది మాత్రం పాలిష్ వాసన పూర్తిగా పోయాకే. మూత తెరిచి వారం రోజులు ఉంచితే సరిపోతుంది.