స్కేలుతో పొడవును కచ్చితంగా కొలవడం ఎలా

తిరుపతిలో ఏ పుస్తకాల అంగడిలోనైనా దొరికే ముప్పై సెంటీమీటర్ల స్కేలుతో, ఓపికగా కొలిస్తే, దాదాపు అర మిల్లీమీటరు వరకూ నమ్మదగిన కొలత తీయవచ్చు. కొలత తప్పినప్పుడు మనం స్కేలును నిందిస్తాం గానీ, కొలవడం ఎక్కడ మొదలుపెట్టాం, కన్నును ఎక్కడ నిలిపాం అన్న రెండు విషయాల్లో అజాగ్రత్తే చాలాసార్లు అసలు కారణం.

ముందుగా సున్నా గీత ఎక్కడుందో చూడాలి. బడిపిల్లలు వాడే ప్లాస్టిక్ స్కేళ్లలో అది సాధారణంగా అంచుకు కొన్ని మిల్లీమీటర్లు లోపల ఉంటుంది. వర్క్‌షాపుల్లో వాడే ఉక్కు స్కేళ్లలో చాలావాటికి అంచే సున్నా. ప్లాస్టిక్ స్కేలు అంచును వస్తువు చివరకు సరిపెట్టి చదివితే, ఆ లోపలి ఖాళీ ఎంత ఉందో అంత మేరకు కొలత తగ్గుతుంది. ప్రతిసారీ అంతే తగ్గుతుంది కాబట్టి, పదిసార్లు కొలిచి సరాసరి తీసినా ఆ తప్పు పోదు. బట్టల అంగడిలోని మీటరు కడ్డీకి రెండు చివరలే హద్దులు గనుక, చివర అరిగితే మీటరే తగ్గిపోతుంది. తూనికలు, కొలతల శాఖవారు దాన్ని పరీక్షించి ముద్ర వేయడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంచు అరిగిన స్కేలును పారేయనక్కరలేదు, మధ్యలో ఏదో ఒక గీత నుంచి మొదలుపెడితే చాలు. చాలామంది 1 సెంటీమీటరు గీత నుంచి కొలుస్తారు, నేను మాత్రం 10 నుంచే కొలవమంటాను. మాధవమాలలో కొయ్యబొమ్మ చెక్కడానికి తీసుకున్న దిమ్మె ఒక చివర 10.0 దగ్గర, మరో చివర 23.7 దగ్గర ఉంటే దాని పొడవు 13.7 సెంటీమీటర్లు. 1 తీసివేయడం మరచిపోతే వచ్చిన అంకె నిజమైనదానిలాగే కనిపించి మోసం చేస్తుంది. 10 తీసివేయడం మరచిపోతే పొరపాటు వెంటనే కంటబడుతుంది.

ఇక కన్ను సంగతి. స్కేలు మందం 3 మిల్లీమీటర్లు ఉండి, గీతలు దాని పైముఖం మీద ఉన్నాయనుకుందాం. కన్ను ముప్పై సెంటీమీటర్ల ఎత్తున ఉండి, చదవవలసిన గీతకు నేరుగా పైన కాక పది సెంటీమీటర్లు పక్కకు ఉంటే, కొలత సుమారు ఒక మిల్లీమీటరు తప్పుతుంది. స్కేలును వాలుగా పెట్టడం వల్ల వచ్చే తేడా దీని ముందు చాలా చిన్నది: ముప్పై సెంటీమీటర్ల పొడవులో స్కేలు చివర ఒక సెంటీమీటరు పక్కకు జరిగినా, తేడా మిల్లీమీటరులో అయిదో వంతుకు మించదు. కాబట్టి స్కేలును పక్కమీద నిలబెట్టి, గీతలు వస్తువును తాకేలా ఆనించాలి. ఒక కన్ను మూసి, రెండో కన్నును మొదటి గీతకు సరిగ్గా పైన నిలిపి చదివి, ఆ తరువాత తలను జరిపి చివరి గీతను కూడా అలాగే చదవాలి. ఒకేచోట కూర్చుని రెండు చివరలనూ చదవకూడదు.

వస్తువు చివర రెండు గీతల నడుమ పడితే అర మిల్లీమీటరును అంచనా వేసి 13.75 అని, సరిగ్గా గీత మీద పడితే 13.70 అని రాయాలి. ఆ చివరి సున్నా అర మిల్లీమీటరు వరకూ చూసి రాశామని చెబుతుంది. కాగితం మందం వంటివాటిని విడిగా కొలవలేం. వంద కాగితాలను గట్టిగా నొక్కిపట్టి కొలిచి వందతో భాగించాలి. శ్రీకాళహస్తి కలంకారీ తీగలాంటి వంపు గీతకు సాగని దారాన్ని దాని వెంట పరిచి, రెండు చివరలా గుర్తు పెట్టి, తరువాత స్కేలు మీద చాచి చదవాలి.

వేసవిలో ప్లాస్టిక్ స్కేలును ఎండలో ఉంచి వెంటనే వాడకండి. ఇరవై డిగ్రీలు వేడెక్కితే ముప్పై సెంటీమీటర్ల ఉక్కు స్కేలు సుమారు 0.07 మిల్లీమీటరు సాగుతుంది, ప్లాస్టిక్‌ది దాని రకాన్ని బట్టి 0.4 మిల్లీమీటరు దాకా సాగవచ్చు. వడ్రంగి అంగుళాల్లో అడిగినా సెంటీమీటర్లలోనే కొలిచి, 2.54తో భాగించడం చివరగా ఒక్కసారే చేయండి.