జేబులో మడత కత్తి: ఎంచుకోవడం, చూసుకోవడం

మొదటిసారి కొంటుంటే చిన్నదే తీసుకోండి, జేబులో బరువు తెలియకూడదు. నాకైతే చెక్క పిడి, కార్బన్ స్టీల్ బ్లేడు ఉన్నదే ఇష్టం, ఎందుకంటే పండ్లు కోసేకొద్దీ బ్లేడు మీద బూడిదరంగు పొర పడుతుంది, పిడి చేతికి అరిగి నున్నబడుతుంది, కొన్నాళ్లకు అది అచ్చంగా మీ కత్తి అవుతుంది. వాడిన వెంటనే తడి తుడవాలి, లేదంటే తుప్పే. కీలుకు అప్పుడప్పుడు ఒక నూనె చుక్క చాలు.

పాత తరహా వాటిలో చాలావాటికి లాక్ ఉండదు, వెనక స్ప్రింగు బిగువే బ్లేడును నిలబెడుతుంది, అందుకే మొనతో గుచ్చే పనులు వద్దు, వేళ్ల మీదకి మూసుకుంటుంది. ఆ భయం ఉంటే ఫ్రాన్స్‌లో 1890లో మొదలైన ఒపినెల్ కంపెనీ కత్తులు చూడండి, సైజులో 6వ నంబరు నుంచి పైవాటికి బ్లేడును కదలనివ్వని తిప్పుడు రింగు ఉంటుంది. విమానంలో మాత్రం చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి.