కుష్ఠు ఉన్నవారి ఇంటికి వెళ్లేటప్పుడు
క్రిస్మస్‌కి దుప్పటి ఇచ్చి ఫొటో దిగి వచ్చేయడం ఒడిశాలోని మన రాయగడ, పర్లాకిమిడి వైపు మామూలైపోయింది, అది మానేయండి. ముందు గుమ్మంలో కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగండి. యేసు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టుకున్నాడు (మార్కు 1:41). మందు మొదలుపెట్టాక అంటుకుంటుందన్న టెన్షన్ అక్కర్లేదు. సర్కారు ఆసుపత్రిలో ఎండీటీ (కుష్ఠుకు కలిపి ఇచ్చే మందులు) ఉచితం, జబ్బు రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడాలి.

అసలు పని పాదాల దగ్గర. స్పర్శ పోయిన కాళ్లను రోజూ మామూలు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే నూనె రాసి, వేళ్ల సందుల్లో కూడా పగుళ్లు, బొబ్బలు ఉన్నాయేమో చూడాలి. వేడినీళ్లు వద్దు, కాలినా తెలియదు. పుండు కనిపిస్తే వెంటనే నర్సుకు చూపించండి.

ఒడియాలో రాసిన కాగితాలు చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్లండి, మనలో చాలామందికి ఆ లిపి రాదు కదా. ఆదివారం చర్చికి వస్తే మాత్రం వెనకాల వేరుగా కూర్చోబెట్టకండి.