మోకాలి ఆర్థ్రోస్కోపీ స్వయంశిక్షణ – 3వ పాఠం: చూపు తెర మీద, చేయి కీలు లోపల

చిన్న రంధ్రాల గుండా కీలు లోపలికి చూస్తూ చేసే ఆపరేషన్ ఆర్థ్రోస్కోపీ. గత పాఠంలో, కీలును ఉబ్బించే సెలైన్ సంచిని మోకాలికి మీటరు ఎత్తున వేలాడదీస్తే సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసపు పీడనం వస్తుందన్న లెక్క చూశాము. ఈ పాఠంలో నీటిని పక్కన పెట్టి చేతుల సంగతి చూద్దాము. ఒక రంధ్రం నుంచి స్కోపు (కీలు లోపలిని తెర మీద చూపే గొట్టం), మరో రంధ్రం నుంచి ప్రోబు (కొన కొక్కెంలా ఉండే సన్నని కడ్డీ) లోపలికి పంపి, సర్జను తన చేతులను చూడకుండానే రెండింటినీ ఒకే బిందువు దగ్గర కలపడాన్ని ట్రయాంగులేషన్ అంటారు. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) కత్తిరించడం, కుట్టడం, ఏసీఎల్ (మోకాలిని నిలకడగా ఉంచే ఒక స్నాయుబంధం) పునర్నిర్మాణం, అన్నీ దీని తరువాతివే.

మన ఊళ్లలో బావిలో జారిపోయిన చేదను పాతాళగరిగెతో వెతికే పెద్దలకు నీళ్లలో ఏమీ కనిపించేది కాదు, తాడు చెప్పే కబురును చేయి వినేది. ఆర్థ్రోస్కోపీలో చిక్కు ఇంకో రకంది. లోపల ఉన్నదంతా తెర మీద పెద్దదిగా, స్పష్టంగా కనిపిస్తుంది కానీ లోతు తెలియదు. బొమ్మకు పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి కనుక ప్రోబు మెనిస్కస్ మీద ఆనిందో, దాని ముందు నీటిలో ఆడుతున్నదో కంటికి అంతుపట్టదు. తాకి చూసినప్పుడే లోతు తెలుస్తుంది. జపాన్ సర్జను తకాగి 1918లో మూత్రాశయాన్ని చూసే సిస్టోస్కోపుతో శవం మోకాలి లోపలికి చూసినప్పుడూ, ఆయన శిష్యుడు వతనబె 1962లో స్కోపు ద్వారా మెనిస్కస్ భాగాన్ని తొలగించినప్పుడూ తెర అనేదే లేదు, గొట్టం చివర కన్ను ఆనించి చూడవలసిందే. మెడ వంచకుండా నిలబడి పనిచేసే మనకు ఆ కష్టం తప్పింది, చూపునూ చేతినీ కలపవలసిన కష్టం మాత్రం అలాగే ఉంది.

తెనాలిలోనో నరసరావుపేటలోనో సొంత నర్సింగ్ హోము నడుపుకుంటున్న ఆర్థోపెడిక్ సర్జనుకు రెండు రోజుల వర్క్‌షాపులో స్కోపు చేతికి దక్కేది కొద్ది నిమిషాలే, ఎందుకంటే ఒక్కో టేబులు చుట్టూ నలుగురైదుగురు నిలబడతారు. కనుక అభ్యాసం ఇంట్లోనే సాగాలి. విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికే, లోపలిది బయటికి కనిపించని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, మూతకు 5 సెంటీమీటర్ల ఎడంతో రెండు రంధ్రాలు చేసి, వాటి మీద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించి సన్నని గాటు పెట్టండి. ఆ రబ్బరు బిగువు కీలు పొర బిగువుకు దగ్గరగా ఉంటుంది. ఆసుపత్రిలో పక్కన పడేసిన పాత 4 మిల్లీమీటర్ల 30 డిగ్రీల స్కోపు దొరికితే అంతకన్నా కావలసినది లేదు. ఫోనుకు తగిలించే పైపు కెమెరా కూడా చేతుల పొందికను నేర్పుతుంది కానీ, అది నేరుగా ముందుకు మాత్రమే చూస్తుంది కనుక 30 డిగ్రీల ఒడుపు దానితో రాదు.

ఆ ఒడుపు ఇది. 30 డిగ్రీల స్కోపు ముక్కుకు సూటిగా కాక కాస్త పక్కకు చూస్తుంది, లైట్ కేబుల్ ఎటు ఉంటే దానికి ఎదురు దిక్కుకు చూస్తుంది. కెమెరా హెడ్‌ను (స్కోపు వెనుక బిగించే కెమెరాను) నిటారుగా పట్టుకుని కదలనివ్వకుండా, చూపుడువేలితో లైట్ పోస్టును (లైట్ కేబుల్ తగిలించే మొలకను) మాత్రమే గడియారం ముల్లులా తిప్పితే, స్కోపు ఉన్నచోటే ఉండి నాలుగు గోడలనూ చూపిస్తుంది. డబ్బా గోడల మీద 1 నుంచి 12 వరకు అంకెలు అతికించి, స్కోపును ముందుకు నెట్టకుండా వాటిని వరుసగా చదవండి. కెమెరా హెడ్ కూడా తిరిగిపోతే పైకప్పు నేల అవుతుంది, ఇక ఆపైన ఏ కదలికా నమ్మదగినది కాదు. కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

తరువాత రెండో చేతిలోకి ప్రోబు తీసుకుని ప్రతి అంకెనూ తాకండి. స్కోపు, ప్రోబు దాదాపు ఒకే గీత మీద నడిస్తే ఒకదానితో ఒకటి ఢీకొంటాయి, వాటి మధ్య తగినంత కోణం ఉండాలి. ప్రోబు కనిపించకుండా పోయినప్పుడు చేతుల వైపు చూడవద్దు, ప్రోబును ముందుకు పొడవవద్దు. మొదట స్కోపును కొద్దిగా వెనక్కి లాగితే దృశ్యం విశాలమవుతుంది. అప్పటికీ దొరకకపోతే ప్రోబు కొనను స్కోపు గొట్టానికి ఆనించి, దాని వెంబడే మెల్లగా జార్చుకుంటూ ముందుకు రండి, తెర అంచున ప్రత్యక్షమవుతుంది.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో, ఒక ఆసుపత్రిలో, ప్రోబు కోసం తల దించి చేతుల వైపు చూసి దాన్ని లోపలికి తోశాను. తిరిగి తెర చూసేసరికి తొడ ఎముక చివరి తెల్లని మృదులాస్థి మీద గోటితో గీరినట్టు ఒక గీత పడి ఉంది. పెద్ద డాక్టరు గారు ఏమీ అనలేదు, ఆపరేషన్ నోట్‌లో ఆ గీతను నా చేతనే రాయించారు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు, గాయపడిన చోట అది మునుపటిలా తిరిగి పెరగదు.

బలాన్ని కొలుచుకోవడానికి బత్తాయి తొనను మించిన సాధనం నాకు దొరకలేదు. గుండుసూదులతో డబ్బా అడుగున తొనను గుచ్చి, ప్రోబు కొక్కెంతో దాని పొర అంచును ఎత్తి, కింద చూసి, మళ్లీ దించండి. రసం కారితే నొక్కిడి ఎక్కువైనట్టే, కొత్త తొన పెట్టుకుని మొదలుపెట్టండి. కొక్కెం పొడవు సాధారణంగా 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ ప్రోబును ముందే స్కేలుతో కొలిచి ఉంచుకుంటే, రేపు మెనిస్కస్ చిరుగు పొడవును దానితోనే అంచనా వేయవచ్చు.

నిజమైన మోకాలిలో ట్రయాంగులేషన్ సులువవుతుందా, నరకమవుతుందా అన్నది రెండో పోర్టల్ (పరికరం లోపలికి వెళ్లే రంధ్రం) పెట్టిన చోటే తేల్చేస్తుంది. బయటివైపు పోర్టల్ నుంచి స్కోపుతో చూస్తూ, లోపలివైపు పోర్టల్ పెట్టబోయే చోట ముందుగా స్పైనల్ నీడిల్ (సన్నని పొడవాటి సూది) గుచ్చండి. అది మెనిస్కస్ ముందు కొమ్ముకు పైనుంచి వచ్చి, మీరు పనిచేయవలసిన చోటికి అడ్డు లేకుండా చేరితేనే బ్లేడు పెట్టాలి. బ్లేడు పదును మెనిస్కస్ వైపు కాక పైకి తిరిగి ఉండాలి. సూది ఎన్నిసార్లు మార్చి గుచ్చినా పెద్ద నష్టం లేదు, తప్పుచోట పెట్టిన పోర్టల్ మాత్రం ఆపరేషన్ ముగిసేదాకా వేధిస్తుంది.

నాలుగో పాఠం వరకు చేయవలసిన అభ్యాసం: డబ్బాలో ఒక మూల నుంచి మరో మూలకు ఆరు చింతపిక్కలను గ్రాస్పరుతో (పట్టుకునే పరికరంతో) ఒక్కొక్కటిగా మార్చండి. నున్నగా జారిపోతాయి కనుక కీలులో తిరిగే విడి ఎముక ముక్కలను పట్టడానికి ఇది మంచి సాధన. పట్టిన సమయాన్నీ, జారిన పిక్కల లెక్కనూ తేదీతో నోటుపుస్తకంలో రాయండి. వరుసగా మూడు రోజులు ఒక్క పిక్క కూడా జారకపోతే, స్కోపును కుడిచేతికీ గ్రాస్పరును ఎడమచేతికీ మార్చి మళ్లీ 1వ అంకె దగ్గర నుంచి మొదలుపెట్టండి.