గెకోను లోపల వదిలే ముందు: సహజ టెర్రేరియం కట్టేవారికి జాగ్రత్తలు

మట్టి, రాళ్లు, పచ్చని మొక్కలతో గెకో (పెంపుడు బల్లి) కోసం చిన్న అడవిలాంటి గాజు పెట్టె కట్టడం ముచ్చటైన పని. కానీ కాగితం పరిచిన మామూలు పెట్టెలో ఉండని ప్రమాదాలు ఆ మట్టితో, ఆ రాళ్లతోనే వస్తాయి. ప్రాణిని లోపల వదలకముందైతే వాటిలో చాలావాటిని సులువుగా తప్పించవచ్చు.

ముందుగా మీ గెకో ఏదో చూసుకోండి. లెపర్డ్ గెకో నేల మీద తిరిగేది, దాని వేళ్లకు గాజును పట్టుకునే శక్తి లేదు. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉంటే దానికి హాయిగా ఉంటుంది. క్రెస్టెడ్ గెకో కొమ్మలెక్కేది, దానికి ఎత్తు కావాలి. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచకండి. రెండు మగవాటిని కూడా కలిపి ఉంచొద్దు.

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం రాళ్లంటేనే. నా మొదటి పెట్టెలో ఒక పలకరాయిని మట్టి మీదే పెట్టాను. మూడో రోజు పొద్దున చూస్తే రాయి ఒక మూల కుంగి ఉంది, దాని కింద వేలు పట్టేంత సొరంగం. గెకో అదృష్టవశాత్తూ ఇంకో మూల నిద్రపోతోంది. అప్పటి నుంచి బరువైన రాయిని ముందు పెట్టె అడుగున ఆనించి, ఆ తర్వాతే చుట్టూ మట్టి పోస్తున్నాను. అరచేత్తో నాలుగు వైపులా నొక్కండి. కాస్త ఊగినా సిలికాన్ జిగురుతో అతికించండి. అక్వేరియం సిలికానే వాడాలి, పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి.

వేడి విషయంలో థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) లేకుండా ఏ పరికరమూ వద్దు. లెపర్డ్ గెకో వెచ్చదనానికి చేరే చోట నేల 32 నుంచి 34 డిగ్రీలు, అవతలి కొస 25 దగ్గర ఉండాలి. క్రెస్టెడ్ గెకోకు 22 నుంచి 26 చాలు, 28 దాటితే నీరసించిపోతుంది. మందంగా మట్టి పోసిన పెట్టెకు అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచటి పట్టీ) పెట్టకండి. పైన వేడి తెలియదు, కింద మాత్రం పేరుకుంటుంది. తవ్వుకుంటూ అక్కడికి చేరిన గెకో పొట్ట కాలుతుంది. వేడి పైనుంచి రావడమే మేలు. కరెంటుతో వేడెక్కే రాళ్లు అసలు కొనొద్దు.

ఉత్త ఇసుక, కాల్షియం ఇసుక మింగితే పేగుల్లో అడ్డుపడొచ్చు. దేవదారు పొట్టు వాసనే వాటికి పడదు. నర్సరీ మొక్కల్ని వేళ్లతో సహా కడిగి, ఎరువు గుళికలు ఏరేసి, కొన్ని వారాలు వేరే కుండీలో ఉంచాకే నాటండి.

నాటాక నాలుగు నుంచి ఆరు వారాలు పెట్టెను ఖాళీగా వదలండి. మొదట్లో తెల్ల బూజు వస్తుంది, కంగారుపడకండి. మట్టిలో ముందే వదిలిన స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న పురుగులు దాన్ని తినేస్తాయి. ఈలోపు పగలూ రాత్రీ ఉష్ణోగ్రత, తేమ రాసుకోండి.

కొత్త గెకోను కనీసం నెల రోజులు కాగితం పరిచిన వేరే పెట్టెలో ఉంచి, దాని రెట్టను పశువైద్యుడి చేత పరీక్ష చేయించండి. కడుపులో పురుగులున్న గెకోను నేరుగా మట్టిలో వదిలితే, తర్వాత మట్టి, మొక్కలు అన్నీ తీసి పారేయాల్సి వస్తుంది. అంత కష్టపడి కట్టుకున్నదంతా పోతుంది.

పొడి పెట్టె అయినా తడి నాచు ఉన్న గూడు ఒకటి తప్పనిసరి. కుబుసం విడిచిన ప్రతిసారీ భూతద్దంతో వేళ్లు చూడండి. దారప్పోగంత తెల్లటి ఉంగరం మిగిలిందంటే, అది ఎండి బిగుసుకుని రక్తం ఆపేస్తుంది, వేలు ఊడిపోతుంది. గోరువెచ్చని నీటిలో, పొట్ట మునగనంత లోతులో, పావుగంట నిలబెట్టి తడి దూదితో మెల్లగా తీయండి. ఊడి రాకపోతే లాగకండి, మర్నాడు మళ్లీ నానబెట్టండి.

మేతగా వేసిన క్రికెట్లు (కీచురాళ్లు) తినకుండా మిగిలితే తీసేయండి, అవి నిద్రపోతున్న గెకోను కొరుకుతాయి. గెకోలు ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా అనే, మనుషులకు జబ్బు చేసే బ్యాక్టీరియాను మోసుకురావచ్చు. కాబట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, నీటి గిన్నెను, స్పాంజిని వంటింటి సింకులో మాత్రం కడగకండి.